గల్లీ దవాఖాన మంచిదేనా? ఎట్లా తెలుసుకోవాలి?

(కొత్తగా చదువు నేర్చిన అక్కచెల్లెళ్ల కోసం ఒక ప్రసంగం)



నయాపూల్ అందరికీ తెలుసు. కింద మూసీ నది. ఒక ఒడ్డున అఫ్జల్‌గంజ్, ఉస్మానియా దవాఖాన. ఇంకో ఒడ్డున హైకోర్టు. ఆ పక్కనే పేట్లబుర్జులో సర్కారు ప్రసూతి దవాఖాన. పాతబస్తీ వాళ్లు దాన్ని జజ్జిఖానా అంటారు. ఊళ్లనుంచి కూడా గర్భిణీలు అక్కడికి వస్తారు. చార్మినార్ దాకా నడిస్తే నిజామియా తిబ్బీ దవాఖాన ఉంది. అక్కడ యునానీ మందులిస్తారు.

ఇన్ని పెద్ద దవాఖానలు పక్కనే ఉన్నాయి. అయినా బిడ్డకు రాత్రి జ్వరం వస్తే తల్లి మొదట ఎక్కడికి పోతుంది? గల్లీ మలుపులో ఉన్న చిన్న క్లినిక్కుకు పోతుంది. అది దగ్గర. పెద్ద క్యూ ఉండదు. డాక్టరు మొహం తెలిసిన మొహం. కూలి పోగొట్టుకోవాల్సిన పని లేదు. కనుక అక్కడికి పోవటం తప్పు కాదు.

కాని ఆ క్లినిక్కు మంచిదేనా? అక్కడ ప్రాణానికి భద్రత ఉందా? ఈ ప్రశ్న ఎంతమంది వేసుకుంటారు?

బజారుకు పోతే ఆడవాళ్లు వంకాయను తిప్పి తిప్పి చూస్తారు. పుచ్చు ఉంటే పక్కన పెడతారు. కుండ కొంటే వేలితో కొట్టి చూస్తారు. చీర కొంటే రంగు పోతుందా అని అడుగుతారు. దవాఖాన దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు రాదు. డాక్టరు ఏమనుకుంటాడో అని భయం. చదువుకున్నవాళ్ల సంగతి మనకేం తెలుసు అని జంకు.

ఇప్పుడు ఆ జంకు అవసరం లేదు. అక్షరాలు వచ్చాయి. అంకెలు వచ్చాయి. వైద్యం చెయ్యటానికి చాలా చదువు కావాలి. క్లినిక్కు మంచీచెడ్డా చూడటానికి మాత్రం రెండు కళ్లు, కొంచెం చదువు, ఒక నోరు చాలు.

ఒక తల్లి ఉందనుకోండి. కొత్తగా చదవటం నేర్చింది. బిడ్డకు రెండు రోజులుగా జ్వరం. బిడ్డను ఎత్తుకుని గల్లీ క్లినిక్కుకు బయలుదేరింది. ఆమె ఏమేం చూడాలో ఒక్కొక్కటే చూద్దాం.

మొదట బోర్డు చదవాలి

క్లినిక్కు ముందు ఆమె ఒక్క నిమిషం ఆగాలి. బోర్డు మీద డాక్టరు పేరు ఉంటుంది. పేరు పక్కన చదువు ఉంటుంది. ఇంగ్లీషు వైద్యం చేసే డాక్టరుకు కనీసం ఎం.బి.బి.ఎస్. ఉండాలి. యునానీ హకీముకు బి.యు.ఎం.ఎస్. ఉంటుంది. ఆయుర్వేదానికి బి.ఎ.ఎం.ఎస్., హోమియోకు బి.హెచ్.ఎం.ఎస్. అని రాస్తారు. ఎవరు ఏది చదివారో ఆ వైద్యం చెయ్యాలి.

చదువు ఒక్కటే చాలదు. ప్రతి డాక్టరుకు ఒక రిజిస్ట్రేషను నంబరు ఉంటుంది. ఆటోకు నంబరు ఉన్నట్టే ఇదీ. తెలంగాణలో ఇంగ్లీషు వైద్యం చేసే డాక్టర్ల పేర్లు తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఉంటాయి. ఆ ఆఫీసు కోఠీలో ఉంది. నయాపూల్ నుంచి దూరమేమీ కాదు. ఆ నంబరు నిజమా కాదా అని అక్కడ తెలుసుకోవచ్చు. సెల్‌ఫోన్ చూడటం వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లు కూడా వెతికి చెప్పగలరు.

కొన్ని బోర్డుల మీద "ఆర్.ఎం.పి." అని ఉంటుంది. ఆ మూడు అక్షరాలు చూసి అది పెద్ద చదువు అనుకుంటారు. అది డిగ్రీ కాదు. చాలామంది ఆర్.ఎం.పి.లు ఎవరో డాక్టరు దగ్గర కొన్నాళ్లు కాంపౌండరుగా పనిచేసి, చూసి నేర్చుకున్నవాళ్లు. వాళ్లలో మంచి మనుషులు ఉన్నారు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వస్తారు. అప్పు పెడతారు. మంచితనం వేరు, వైద్యం వేరు. దెబ్బకు కట్టు కట్టటం, జ్వరం చూసి పెద్ద దవాఖానకు పంపటం వరకు ఫరవాలేదు. సెలైన్లు ఎక్కించటం, గర్భిణీలకు సూదులు వెయ్యటం, కోతలు కొయ్యటం వాళ్ల పని కాదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేకుండా ఇంగ్లీషు వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడవచ్చు.

ఇంకో మాట. బోర్డు మీద ఒక డాక్టరు పేరు ఉంటుంది. లోపల ఇంకొకరు కూర్చుంటారు. అట్లాంటి చోట "బోర్డు మీద ఉన్న డాక్టర్ సాబ్ మీరేనా?" అని అడగాలి. ఇది తప్పు ప్రశ్న కాదు.

గది ఎట్లా ఉంది?

ఇప్పుడు తల్లి లోపలికి వచ్చింది. కూర్చుని చుట్టూ చూడాలి.

చెయ్యి కడుక్కునే నల్లా ఉందా? సబ్బు ఉందా? ఒక రోగిని చూసి ఇంకో రోగిని ముట్టుకునే ముందు డాక్టరు చెయ్యి కడుక్కుంటున్నాడా? లేకపోతే చేతికి మందు రాసుకుంటున్నాడా? ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని ఒకరి రోగం ఇంకొకరికి అంటించేది ఎక్కువగా చేతులే.

పరుపు మీద దుప్పటి శుభ్రంగా ఉందా? నేల మీద రక్తం మరకలు, వాడిన దూది, సూదులు పడి ఉన్నాయా? చెత్త ఎక్కడ వేస్తున్నారు?

దవాఖాన చెత్త ఇంటి చెత్త వంటిది కాదు. దీనికి 2016లో కొత్త నియమాలు వచ్చాయి. రంగురంగుల డబ్బాలు పెట్టాలి. రక్తం అంటిన దూది, గుడ్డలు పసుపు డబ్బాలో వెయ్యాలి. వాడిన ప్లాస్టిక్ సిరంజీలు, గొట్టాలు ఎర్ర డబ్బాలో. సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో. గాజు సీసాలు నీలం డబ్బాలో. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. ఈ నాలుగు రంగులు గుర్తు పెట్టుకుంటే చాలు. క్లినిక్కు సూదులు గల్లీ చెత్తకుండీలో కనిపిస్తే ఆ క్లినిక్కు మంచిది కాదని అర్థం. ఆ కుండీ దగ్గర పిల్లలు ఆడుకుంటారు. చెత్త ఏరుకునే స్త్రీల చేతులకు ఆ సూదులు గుచ్చుకుంటాయి.

సూది సంగతి

సూది వెయ్యకపోతే అది వైద్యమే కాదని చాలామంది నమ్మకం. "సూది వెయ్యి డాక్టర్ సాబ్, జల్ది తగ్గాలె" అని వాళ్లే అడుగుతారు. డాక్టరు వేస్తాడు. పైసలు తీసుకుంటాడు. రెండు వైపులా సంతోషం. కాని అవసరం లేని సూది మంచిది కాదు. చాలా జబ్బులకు గోలీ చాలు. కొన్ని జబ్బులకు విశ్రాంతి, నీళ్లు చాలు.

గ్లూకోజు బాటిలు కూడా అంతే. "నీరసంగా ఉంది, ఒక బాటిల్ ఎక్కించండి" అంటారు. బాటిల్లో ఉండేది నీళ్లు, కొంచెం చక్కెర, కొంచెం ఉప్పు. నోటితో తాగగలిగినవాళ్లకు ఓ.ఆర్.ఎస్. నీళ్లు, గంజి, మజ్జిగ చాలు. వాంతులు ఆగకపోతే, మనిషి సొమ్మసిల్లితే, అప్పుడు బాటిల్ అవసరం. అది కూడా మంచి దవాఖానలో ఎక్కించాలి.

సూది తప్పదని డాక్టరు చెప్పాడనుకోండి. అప్పుడు తల్లి రెండు సంగతులు చూడాలి.

ఒకటి: సిరంజీ, సూది కొత్తవి కావాలి. మూసి ఉన్న కవరును ఆమె ముందరే చింపాలి. ముందే సీసాలో గుచ్చి పెట్టిన సూది వద్దు. నీళ్లలో ఉడకబెట్టిన సూది వద్దు. "సూది మార్చినం, సిరంజీ అదే" అంటే అదీ వద్దు. సిరంజీలో కూడా రక్తం అంటుకుని ఉంటుంది. కంటికి కనిపించదు.

రెండు: వేసిన తర్వాత ఆ సూదిని అక్కడే కట్టరుతో కత్తిరించి డబ్బాలో వెయ్యాలి.

ఎందుకింత జాగ్రత్త? వాడిన సూది ఎయిడ్స్ తెచ్చే హెచ్.ఐ.వి.ని ఒకరి నుంచి ఇంకొకరికి మోస్తుంది. కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి రోగాలను కూడా మోస్తుంది. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో ఒక సంగతి బయటపడింది. బంగర్‌మావు ప్రాంతంలో డిగ్రీ లేని ఒకడు ఇంటింటికీ తిరిగి తక్కువ పైసలకు వైద్యం చేసేవాడు. ఒకే సిరంజీతో చాలామందికి సూదులు వేశాడని ఆరోపణ వచ్చింది. అక్కడ పరీక్షలు చేస్తే పదుల మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్టు తేలింది. పాకిస్తాన్‌లో రతోడేరో అనే ఊళ్లో 2019లో ఇట్లాగే వందల మందికి సోకింది. వాళ్లలో ఎక్కువమంది చిన్న పిల్లలు. ఏ పాపం ఎరగని పిల్లలు. జ్వరానికి, విరేచనాలకు మందు కోసం తల్లులు తీసుకుపోయిన పిల్లలు.

అందుకే తల్లి నోరు తెరవాలి. కోపంగా కాదు, మర్యాదగానే. "డాక్టర్ సాబ్, కొత్త సిరంజీ నా ముందర విప్పండి" అంటే చాలు. మంచి డాక్టరు కోపం తెచ్చుకోడు. కవరు చూపించి చింపుతాడు. కోపం తెచ్చుకునే డాక్టరు దగ్గర బిడ్డ చెయ్యి పెట్టకపోవటమే మేలు. కావాలంటే మందుల దుకాణంలో కొత్త సిరంజీ కొనుక్కుని పోవచ్చు. దాని ఖరీదు కొద్ది రూపాయలే.

డాక్టరు ఏం అడిగాడు? ఏం చూశాడు?

మంచి డాక్టరు మొదట వింటాడు. జ్వరం ఎన్ని రోజుల నుంచి ఉంది? వాంతులు ఉన్నాయా? మూత్రం పోస్తున్నాడా? ఇంతకు ముందు ఏ మందైనా పడలేదా? ఈ ప్రశ్నలు అడుగుతాడు. జ్వరం కొలుస్తాడు. గుండె, ఊపిరి వింటాడు. కడుపు నొక్కి చూస్తాడు. కళ్లు, నాలుక చూస్తాడు.

తల్లి నోటి మాట పూర్తికాకముందే సూది తీసేవాడు మంచి వైద్యుడు కాదు.

వానాకాలంలో హైదరాబాదులో డెంగీ జ్వరం వస్తుంది. డెంగీ ఉన్న మనిషికి కొన్ని నొప్పి గోలీలు, నొప్పి సూదులు ప్రమాదం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి రక్తం కారటాన్ని ఎక్కువ చేస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే మంచిది. అది కూడా వయసుకు, బరువుకు తగినంతే ఇవ్వాలి. రక్తపరీక్ష చెయ్యకుండా, అడగకుండా, చూడకుండా జ్వరమనగానే నొప్పి సూది వేస్తే ఎంత ముప్పో చూడండి.

గర్భిణీ పోతే ఆమె బరువు తూచాలి. రక్తపోటు, అంటే బీపీ చూడాలి. రక్తం ఎంత ఉందో పరీక్ష చెయ్యాలి. ఇవేవీ చెయ్యకుండా బలానికని సూది వేసి పంపే చోటికి మళ్లీ పోకూడదు. ఇంట్లో కాన్పు తొందరగా కావాలని కొందరు నొప్పుల సూది వేయిస్తారు. అది చాలా ప్రమాదం. గర్భసంచి పగిలి తల్లీ బిడ్డా ఇద్దరూ పోవచ్చు. ఆ సూది డాక్టరు ఉన్న ప్రసూతి దవాఖానలో తప్ప వెయ్యకూడదు.

స్కానింగు సెంటరుకు పోతే గోడ మీద రిజిస్ట్రేషను కాగితం ఉండాలి. "ఇక్కడ పుట్టబోయేది ఆడో మగో చెప్పరు" అనే బోర్డు కూడా ఉండాలి. 1994 చట్టం ప్రకారం అట్లా చెప్పటం నేరం. చెప్తామని గుసగుసలాడే చోటు ఆడపిల్లకు శత్రువు.

చిట్టీ, మందులు

డాక్టరు మందుల చిట్టీ రాయాలి. చిట్టీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషను నంబరు, తేదీ ఉండాలి. రోగి పేరు ఉండాలి. మందు పేరు అర్థమయ్యేటట్టు, వీలైతే పెద్ద అక్షరాలతో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నియమం పెట్టింది. మందు అసలు పేరు రాయాలని కూడా చెప్పింది. అసలు పేరు తెలిస్తే తక్కువ ధరకు అదే మందు దొరుకుతుంది. జన్ ఔషధి దుకాణాల్లో అట్లాంటి మందులు అమ్ముతారు.

కొన్ని క్లినిక్కుల్లో చిట్టీ ఉండదు. డబ్బాలోంచి నాలుగు రకాల గోలీలు తీసి కాగితంలో చుట్టి ఇస్తారు. ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి, పసుపుది ఒకటి. పేరు లేదు. తేదీ లేదు. రేపు బిడ్డ ఒంటి మీద దద్దుర్లు వస్తే ఏ మందు పడలేదో ఇంకో డాక్టరుకు ఎట్లా చెప్తుంది? అట్లాంటి పొట్లంలో కొన్నిసార్లు స్టెరాయిడ్ గోలీ ఉంటుంది. దానితో నొప్పి, జ్వరం గబగబా తగ్గుతాయి. "ఆయన చెయ్యి మంచిది" అని పేరు వస్తుంది. చాలాకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది, మొహం ఉబ్బుతుంది.

మందు పట్టీ మీద రెండు తేదీలు ఉంటాయి. మందు తయారైన తేదీ, గడువు తీరే తేదీ. గడువు తేదీ చదవాలి. అది దాటితే తీసుకోకూడదు. కొన్ని పట్టీల మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. డాక్టరు చిట్టీ లేకుండా ఆ మందు వాడకూడదని దాని అర్థం. ఇట్లాంటి మందుల్లో యాంటీబయాటిక్‌లు కూడా ఉన్నాయి. వాటిని ఇష్టం వచ్చినట్టు వాడితే, సగంలో ఆపితే, క్రిములు మొండికేస్తాయి. రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పని చెయ్యదు.

సంతకం పెట్టే ముందు

వేలిముద్ర పోయి సంతకం వచ్చింది. ఇది గొప్ప సంగతి. కాని చదవకుండా పెట్టే సంతకం కూడా వేలిముద్ర వంటిదే.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక శిబిరం పెట్టారు. ఒక్క రోజే 34 మంది స్త్రీలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగతావాళ్లను హైదరాబాదు దవాఖానలకు తెచ్చి చూశారు. క్రిములు సోకటం వల్లే ఇట్లా జరిగిందని, పరిశుభ్రతలో లోపాలున్నాయని బయటపడింది. బాధ్యుల మీద సర్కారు చర్య తీసుకుంది. కాని నాలుగు ఇళ్లలో తల్లులు లేకుండా పోయారు.

అంతకు ముందు 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఇంకా ఘోరం జరిగింది. ఒక శిబిరంలో కొన్ని గంటల్లోనే 83 మందికి ఒకే డాక్టరు ఆపరేషన్లు చేశాడు. ఆ రోజుల్లో ఆ జిల్లా శిబిరాల్లో 13 మంది స్త్రీలు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఇట్లాంటి శిబిరాల పద్ధతినే మానుకోవాలని చెప్పింది. ఆపరేషను సంగతి స్త్రీకి ఆమె భాషలో వివరించాలని కూడా చెప్పింది.

చనిపోయినవాళ్లు జబ్బుతో వచ్చినవాళ్లు కారు. తమ కాళ్ల మీద నడిచి వచ్చినవాళ్లు. ఈ మాట మర్చిపోకూడదు.

అందువల్ల ఏ ఆపరేషనుకైనా ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ ఆపరేషను ఎందుకు? చెయ్యకపోతే ఏమవుతుంది? ఇంకో దారి ఉందా? ఎవరు చేస్తారు? మత్తు ఎవరు ఇస్తారు? ఈరోజు ఎంతమందికి చేస్తున్నారు? పనిముట్లు ఒకరి తర్వాత ఒకరికి శుభ్రం చేస్తున్నారా? ఇంటికి పోయాక జ్వరం వస్తే, కడుపు నొప్పి వస్తే, ఎవరికి ఫోన్ చెయ్యాలి? కాగితాన్ని తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపించమనాలి. అర్థమయ్యాకే సంతకం పెట్టాలి. పిల్లలు వద్దనుకుంటే మగవాళ్ల ఆపరేషను ఇంకా తేలిక, ప్రమాదం తక్కువ. ఈ మాట ఇంట్లో భర్తతో కూడా మాట్లాడాలి.

పెద్ద డాక్టరును కూడా పరీక్షించాలి

డాక్టర్లను ప్రశ్నించటం కొత్త సంగతి కాదు. నయాపూల్ పక్కనే ఆ పని నూరేళ్లకు ముందే జరిగింది.

అప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక దవాఖాన ఉండేది. ఎడ్వర్డ్ లారీ అనే ఇంగ్లీషు డాక్టరు అక్కడ పెద్ద. ఆ రోజుల్లో ఆపరేషనుకు ముందు క్లోరోఫారం అనే మందు వాసన చూపించి మత్తు ఇచ్చేవాళ్లు. కొందరు రోగులు ఆ మత్తులోనే చనిపోయేవాళ్లు. ఎందుకు చనిపోతున్నారు? ఊపిరి ఆగటం వల్లా, గుండె ఆగటం వల్లా? ఇది తేల్చటానికి 1888లో, 1889లో హైదరాబాదులో రెండు కమిషన్లు పనిచేశాయి. నిజాము మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించాడు. వందల జంతువుల మీద పరీక్షలు చేశారు. "ఊపిరి చూస్తూ ఉండాలి, ఊపిరి సరిగా ఉంటే భయం లేదు" అని లారీ చెప్పాడు.

ఊపిరి చూడాలనేది మంచి మాటే. కాని తర్వాత ఇంకొకరు చేసిన పరీక్షల్లో అసలు సంగతి తెలిసింది. క్లోరోఫారం గుండెను కూడా ఆపగలదు. అంటే అంత పెద్ద డాక్టరు మాటలో కూడా సగమే నిజం. పరీక్ష చెయ్యబట్టే తప్పు దొరికింది. అడగబట్టే వైద్యం బాగుపడింది.

ఆ దవాఖానతో కలిసి నడిచిన హైదరాబాదు మెడికల్ స్కూల్లోనే 1885లో రూపాబాయి ఫర్దూన్జీ అనే పార్సీ అమ్మాయి చేరింది. 1889లో చదువు పూర్తి చేసింది. మత్తు ఇచ్చే డాక్టరు అయ్యింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చెప్తారు. ఆడవాళ్లు గడప దాటటమే కష్టమైన రోజుల్లో ఆమె ఆ పని చేసింది.

ఆ పాత దవాఖాన 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో కూలిపోయింది. అక్కడున్న ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని చెప్పుకుంటారు. ఆ తర్వాత ఉస్మానియా దవాఖాన కట్టారు. 2020 జూలైలో వాననీళ్లు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి వచ్చాయి. రోగుల మంచాల కింద నీళ్లు నిలిచాయి. ఆ భవనాన్ని మూసేశారు. గోషామహల్‌లో కొత్త దవాఖానకు 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. దీన్ని బట్టి ఒకటి తెలుస్తుంది. మంచి డాక్టరు ఉంటే చాలదు. గోడ, కప్పు, నీళ్లు, కరెంటు కూడా భద్రంగా ఉండాలి. గల్లీ క్లినిక్కులో కూడా ఇవి చూడాలి. నిప్పు అంటుకుంటే బయటికి పోయే దారి ఉందా? మంచం పట్టేంత మెట్లు ఉన్నాయా?

పంపటం తెలిసినవాడే మంచి వైద్యుడు

మంచి క్లినిక్కుకు ఇంకో గుర్తు ఉంది. తన చేతిలో లేని జబ్బును అది పట్టుకుని కూర్చోదు. "ఇది ఇక్కడ కాదు, వెంటనే ఉస్మానియాకు పోండి", "గర్భిణీని జజ్జిఖానాకు తీసుకుపోండి", "పసిబిడ్డను నీలోఫర్‌కు తీసుకుపోండి" అని చెప్తుంది. చిట్టీ రాసి ఇస్తుంది. 108కు ఫోన్ చేస్తుంది.

గర్భిణీకి రక్తం పోతున్నా, ఫిట్స్ వచ్చినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, మొహం ఉబ్బినా, కడుపులో బిడ్డ కదలిక తగ్గినా ఆలస్యం చెయ్యకూడదు. బిడ్డ పాలు తాగకపోయినా, ఎగఊపిరి తీస్తున్నా, మత్తుగా పడి ఉన్నా ఆగకూడదు. "రేపటిదాకా చూద్దాం, ఇంకో బాటిల్ ఎక్కిద్దాం" అనేవాడి మాట వినకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

పైసలు లేవని గల్లీ సూదికి పోనక్కరలేదు. 2018 నుంచి హైదరాబాదు బస్తీల్లో బస్తీ దవాఖానలు పెట్టారు. అక్కడ డాక్టరు ఉంటారు. చూసినందుకు ఫీజు లేదు. మందులు, రక్తపరీక్షలు కూడా ఉచితం. అయితే అక్కడ కూడా ఇవే కళ్లతో చూడాలి. సర్కారుదైనా, ప్రైవేటుదైనా సూది కొత్తదే కావాలి, చెయ్యి శుభ్రంగానే ఉండాలి.

తప్పు జరిగితే

మొదటి పని కాగితాలు దాచుకోవటం. చిట్టీలు, పరీక్ష కాగితాలు, బిల్లులు ఒక సంచిలో పెట్టాలి. పైసలు కడితే రసీదు అడగాలి. రోగి తన వైద్యం కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నియమాల్లో ఉంది.

డాక్టరు మీద ఫిర్యాదు మెడికల్ కౌన్సిలుకు రాయవచ్చు. క్లినిక్కు మురికిగా ఉన్నా, డిగ్రీ లేనివాడు నడుపుతున్నా జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి రాయవచ్చు. పైసలు తీసుకుని చేసిన వైద్యంలో నిర్లక్ష్యం ఉంటే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 1995లో సుప్రీంకోర్టు ఈ హక్కు ఉందని తేల్చి చెప్పింది. సలహా కావాలంటే వినియోగదారుల ఫోన్ నంబరు 1915.

ఒక్కతే పోతే భయం. పదిమంది కలిసి పోతే భయం ఉండదు. సంఘంలో ఈ సంగతి మాట్లాడాలి. గల్లీలో ఉన్న క్లినిక్కులన్నీ ఒకరోజు కలిసి చూసి రావాలి. కొట్లాటకు కాదు, చూడటానికే. బాగున్న క్లినిక్కును బాగుందని చెప్పాలి. అట్లా చెప్తే ఆ డాక్టరుకు కూడా బలం. బాగు చేసుకోవలసినదానికి ఏం బాగు చేసుకోవాలో చెప్పాలి. వినకపోతే కాగితం రాయాలి.

ఆ తల్లి సంగతి గుర్తుందా? బోర్డు చదివింది. చెయ్యి కడగటం చూసింది. కొత్త సిరంజీ అడిగింది. చిట్టీ తీసుకుంది. మందు పట్టీ మీద తేదీ చదివింది. మొత్తానికి ఆమెకు పట్టిన సమయం ఐదు నిమిషాలు. అక్షరం నేర్చుకోవటానికి ఎన్ని రాత్రులు పట్టిందో ఆమెకే తెలుసు. ఆ రాత్రుల కష్టం ఈ ఐదు నిమిషాల్లో బిడ్డకు కాపలా కాసింది.

అమ్మలారా, ఇక మీదట దవాఖానకు పోయేటప్పుడు బిడ్డతోపాటు చదువును కూడా వెంట తీసుకుపోండి.

చదివి, చూసి రాయండి

1. మీ గల్లీ క్లినిక్కు బోర్డు మీద ఏం రాసి ఉంది? డాక్టరు పేరు, చదువు, నంబరు మీ పుస్తకంలో రాయండి.
2. అక్కడ చెయ్యి కడుక్కునే నల్లా, సబ్బు ఉన్నాయా?
3. ఈసారి సూది వేసినప్పుడు కవరు ఎవరి ముందర చింపారు?
4. చెత్త డబ్బాల నాలుగు రంగులు ఏమిటి? ఏ డబ్బాలో ఏం వెయ్యాలి?
5. ఇంట్లో ఉన్న మందు పట్టీలు తీసి గడువు తేదీలు చదవండి. గడువు దాటినవి వేరే పెట్టండి.
6. మీ ఇంటికి దగ్గర బస్తీ దవాఖాన ఎక్కడ ఉంది?
7. 108 నంబరును మీ ఇంటి గోడ మీద పిల్లలకు కూడా కనిపించేటట్టు రాయండి.